కుడిచేయి వాయిస్తుంది... ఎడమచేయి పాడుతుంది!

‘కీబోర్డా? దాందేముందమ్మా, మీట నొక్కితే అదే వాయించుకుంటుంది!’

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నాటకాల పందిళ్ళ దగ్గర ఈ మాట వినని రోజు నాకు లేదు. హార్మోనియం వాయించే పెద్దలు కాస్త ఎత్తిపొడుపుగా అంటారు. ఆడపిల్లని క్లాసులో చేర్చడానికి వచ్చిన తల్లులు మాత్రం అదే మాట ఆశగా అంటారు... ‘సులువంట కదండీ, ఆర్నెల్లలో వచ్చేస్తుందా?’ అని. ఇద్దరికీ నా జవాబు ఒకటే. మీట నొక్కితే మోగేది మిషను. పద్యం ఎత్తుకున్న నటుడి గొంతు ఎటు తిరిగితే అటు తిరగాల్సింది వాయించే మనిషి ఎడమచేయి. ఆ ఎడమచేతి సంగతి మన ఊళ్ళలో నేర్పేవాళ్ళు తక్కువ, నేర్చుకునేవాళ్ళు ఇంకా తక్కువ.

మా నాన్నగారు హార్మోనిస్టు. మిర్చి కల్లాల మీద ఎండే రోజుల్లో తిరునాళ్ళు, నాటకాలు వరసగా వచ్చేవి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి శ్రీరామనవమి దాకా ఆయన రాత్రిపూట ఇంట్లో ఉన్నది తక్కువ. నేను ఇరవయ్యేళ్ళుగా అవే స్టేజీల మీద కీబోర్డు వాయిస్తున్నాను. సాయంత్రాలు చిలకలూరిపేటలో ఆడపిల్లలకి నేర్పుతున్నాను. ఇన్నేళ్ళలో గమనించిందొకటి ఉంది. అమ్మాయి కీబోర్డు ముందు కూర్చుంటే చాలు, ‘నువ్వు వెనకాల కార్డులు పట్టుకుని కూర్చో తల్లీ, లీడు అబ్బాయి వాయిస్తాడు’ అంటారు. కార్డులంటే మూడు నాలుగు స్వరాలు కలిపి నొక్కి పట్టుకోవడం. దానికిచ్చే డబ్బు లీడుకిచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. లీడు వాయించాలంటే వాళ్ళడిగే పరీక్ష ఒకటే... ‘పద్యం చివర ఆయన రాగం తీస్తే వెంట రాగలవా?’

రాగలం. అయితే దానికి సింథసైజరు ఎడమ అంచున ఉండే చక్రాలతోనూ, ‘ఆర్ప్’ అని రాసి ఉండే మీటతోనూ స్నేహం చెయ్యాలి.

ఎడమ పక్కన ఏముంది?

మీ ఇంట్లో ఉన్నది యమహా అయితే సాధారణంగా పక్కపక్కనే రెండు చక్రాలుంటాయి (పిల్లలకోసం కొనే చిన్న రకాల్లో ఒకటే ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు). రోలాండ్‌లో చాలావాటికి చక్రాల బదులు ఒకటే మీట... పక్కలకి తోస్తే ఒక పని, ముందుకి తోస్తే ఇంకో పని. కోర్గ్‌లో తరచుగా కర్రలాంటి జాయ్‌స్టిక్ ఉంటుంది. రూపం ఏదైనా పనులు రెండే.

మొదటిది పిచ్ బెండ్. నొక్కిన స్వరాన్ని పైకి, కిందికి జరుపుతుంది. వదిలేస్తే స్ప్రింగులా మధ్యకొచ్చి నిలబడుతుంది. రెండోది మాడ్యులేషన్. ఇది స్వరాన్ని జరపదు, వణికిస్తుంది. మిషను లోపల కంటికీ చెవికీ కనపడని నిదానమైన ఊపు ఒకటి ఎప్పుడూ నడుస్తుంటుంది, సెకనుకి ఐదారుసార్లు. మీరు చక్రం తిప్పేకొద్దీ ఆ ఊపు స్వరానికి అంటుకుంటుంది. కొద్దిగా తిప్పితే ఫ్లూటు ఊదే మనిషి ఊపిరి కదిలినట్టుంటుంది. పూర్తిగా తిప్పితే మలేరియా జ్వరం! ఈ ఊపుని శృతికి తగిలిస్తే గొంతు వణుకు, శబ్దం హెచ్చుతగ్గులకి తగిలిస్తే అలలాంటి కదలిక, ఫిల్టరుకి తగిలిస్తే నోరు తెరిచి మూసినట్టు ‘వావ్... వావ్’. ఆర్గాన్ శబ్దం పెట్టుకుంటే చాలా మిషన్లలో అదే చక్రం తిరిగే స్పీకరు వేగాన్ని మారుస్తుంది. అందుకే కొత్త శబ్దం ఎంచుకున్న ప్రతిసారీ ముందు చక్రం తిప్పి ఏం చేస్తుందో వినండి. కూర రుచి చూడకుండా ఉప్పు వేస్తామా?

యమహా చక్రంతో ఒక జాగ్రత్త. మాడ్యులేషన్ చక్రం తనంతట తాను కిందికి రాదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. పద్యం అయిపోయాక దించకపోతే తర్వాతి పద్యం వణుకుతూనే మొదలవుతుంది. రోలాండ్, కోర్గ్ మీటలు చెయ్యి తీస్తే వెనక్కి వస్తాయి.

1983లో ప్రపంచంలోని కీబోర్డు కంపెనీలు మిడి అనే ఒప్పందానికొచ్చి, ఒక మిషను మాట ఇంకోదానికి అర్థమయ్యేట్టు ఒక్కో కంట్రోలుకి ఒక్కో నంబరిచ్చాయి. మాడ్యులేషన్‌కి ఇచ్చిన నంబరు 1. అంతకు చాలా ముందే, 1970లో అమెరికాలో వచ్చిన మినీమోగ్ ఎడమ పక్కన ఈ రెండు చక్రాలూ ఉన్నాయి. తయారుచేసినాయన రాబర్ట్ మోగ్. మన ‘మోగడం’ ఎక్కడ, ఆయన ఇంటిపేరెక్కడ! నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

హార్మోనియం మోసిన నింద

మనవాళ్ళకి ఈ చక్రాలు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే హార్మోనియం దగ్గరికి వెళ్ళాలి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయట పెట్టింది. మూడు దశాబ్దాలపాటు ఆ తలుపు మూసే ఉంచింది. కారణాల్లో ఒకటి... దాని రీడ్లు కదలవు, మెట్టుకీ మెట్టుకీ మధ్య శృతులు పలకవు, గమకం రాదు అని. రేడియో వద్దన్నా గుంటూరు సీమ వద్దనలేదు. పద్యనాటకానికి హార్మోనియం ప్రాణమై కూర్చుంది. గమకం పలకని లోటుని హార్మోనిస్టులు వేళ్ళ వేగంతో, బెలోసు మీద చేతి ఒడుపుతో కప్పారు. మా నాన్నగారు వాయిస్తుంటే లోటు ఉన్నట్టే తెలిసేది కాదు.

అయినా లోటు లోటే. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడి ఉండదు. కింద రిషభానికీ పైన మధ్యమానికీ మధ్య ఊగుతుంది. హార్మోనియం మీద ఆ ఊపు తేలేం, రెండు మెట్లూ మార్చి మార్చి నొక్కాలి. కీబోర్డు మీద కుడిచేత్తో ఒకే మీట పట్టుకుని, ఎడమచేత్తో పిచ్ బెండ్‌ని కదిపితే గాంధారం ఊగుతుంది. చెన్నైలో కె. సత్యనారాయణన్ ఏకంగా కీబోర్డు మీద కర్ణాటక కచేరీలే చేసి పేరు తెచ్చుకున్నారు. అంటే హార్మోనియానికి వేసిన నింద కీబోర్డుకి వర్తించదు... ఎడమచేయి పనిచేస్తే!

ఇక్కడ చాలామంది పడే పొరపాటొకటి. మాడ్యులేషన్ చక్రం తిప్పితే గమకం వచ్చేసిందనుకుంటారు. రాదు. మిషను వణుకు గడియారం లోలకంలా ఒకే వేగంతో నడుస్తుంది. మన కంపితం ఒకచోట నెమ్మదిస్తుంది, ఒకచోట తొందరపడుతుంది, ఒకసారి పైకి ఎక్కువ పోతుంది. ఆ తేడా చెవికి తెలిసినవాళ్ళు పిచ్ బెండ్‌తోనే చేస్తారు. మాడ్యులేషన్‌ని నిలిపిన స్వరానికి మెరుగులా వాడతారు.

పద్యం దగ్గర...

ఇంట్లో సాధన ఇలా మొదలుపెట్టండి. చాలా సింథసైజర్లలో పిచ్ బెండ్ పరిధి కొన్నప్పుడు రెండు మెట్లకి పెట్టి ఉంటుంది. షడ్జమం పట్టుకుని చక్రాన్ని పైకి పూర్తిగా తిప్పండి. చతుశ్రుతి రిషభం పలకాలి. పక్కన అదే రిషభం మీట నొక్కి సరిపోల్చుకోండి. తర్వాత అసలు పరీక్ష... చక్రాన్ని సగంలో ఆపి శుద్ధ రిషభం పలికించడం. చేతికి గుర్తు ఉండదు, చెవే గుర్తు. నా దగ్గర పిల్లలకి ఇదొక్కటే రెండు వారాలు చేయిస్తాను. విసుక్కుంటారు, చేయిస్తాను. స్వరం నుంచి స్వరానికి పొడవుగా జారాలంటే పరిధిని ఐదు మెట్లకి పెంచితే షడ్జమం మీద నుంచి శుద్ధ మధ్యమం దాకా వెళ్ళొచ్చు. కాకపోతే పరిధి పెరిగేకొద్దీ చక్రం చురుకవుతుంది, కాస్త ఎక్కువ కదిలితే అపస్వరం. కొత్తవాళ్ళు రెండు దగ్గరే ఉండటం మంచిది.

ఇప్పుడు స్టేజీ మీదికి రండి. నటుడు పద్యం ముగించి చివరి అక్షరం మీద రాగం ఎత్తుకున్నాడు. జనం ఊపిరి బిగబట్టారు. ఆయన తారస్థాయి షడ్జమం మీద నిలిచాడు. మీరూ అక్కడే నిలవండి. రెండు సెకన్లు చక్రం ముట్టకండి, స్వరం నున్నగా ఉండాలి. ఆయన గొంతులో కదలిక మొదలవుతుంది కదా, అప్పుడు మాడ్యులేషన్ చక్రాన్ని నెమ్మదిగా సగం దాకా తీసుకెళ్ళండి. ఆయన దిగడానికి ముందే మీరు దించండి. ఆయనకంటే ముందు వణికితే నటుడికి కోపం, ఆయన తర్వాత కూడా వణికితే జనానికి నవ్వు. కిందికి జారేటప్పుడు మాత్రం పిచ్ బెండ్. ఇదంతా కుడిచేయి ఒక్క మీట మీద ఉండగానే జరిగిపోతుంది. అవతల ‘వన్స్‌మోర్’ అరుపులు మొదలవుతాయి, ఆయన మళ్ళీ ఎత్తుకుంటాడు, ఈసారి వేరేగా తీస్తాడు! ముందే రాసి పెట్టుకున్నదేదీ పనికిరాదు. ఎడమచేయి ఆయన గొంతుని వింటూ కూర్చోవాల్సిందే.

మిషను లోపలి కూలీ

ఇక ఆర్పెజియేటర్. పేరు నోరు తిరగదుగానీ పని తేలిక. ఇటలీ భాషలో ‘ఆర్పా’ అంటే హార్ప్ వాద్యం. తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి మీటినట్టు స్వరాల్ని విడివిడిగా పలికించడం ఆర్పెజియో. మీరు స, గ, ప మీటలు కలిపి పట్టుకుని ఆర్ప్ మీట నొక్కితే మిషను వాటిని ఒక్కటొక్కటిగా, మీరు పెట్టిన వేగంతో, మీరు వదిలేదాకా పలుకుతూనే ఉంటుంది. ‘అప్’ పెడితే ఆరోహణ, ‘డౌన్’ పెడితే అవరోహణ, ‘అప్ డౌన్’ పెడితే రెండూ. ఎన్ని స్థాయిల్లో తిరగాలి, స్వరం ఎంతసేపు పలకాలి, చుక్కలా తెగిపోవాలా, సాగాలా... వీటికీ మీటలుంటాయి. మీరు పట్టుకోని స్వరాన్ని మామూలు ఆర్పెజియేటర్ పలకదు. పత్తి తీసే కూలీకి గట్టు చూపించినట్టు, ఏ స్వరాలో మీరు చూపించాలి. ‘అదే వాయించుకుంటుంది’ అనేవాళ్ళకి నేను చెప్పే మాట ఇదే.

ఇందులో తాళం లెక్క ఒకటుంది. మూడు మీటలు పట్టుకుని ‘అప్’ పెడితే మూడేసి అక్షరాల తిశ్రం. నాలుగు పట్టుకుంటే చతురశ్రం, ఐదయితే ఖండం, ఏడయితే మిశ్రం! వేళ్ళ లెక్కే తాళం లెక్క. ఆదితాళంలో పాట నడుస్తుంటే ‘స గ ప’ మూడే పట్టుకుని అక్షరానికి నాలుగు చొప్పున పరిగెత్తించారనుకోండి, షడ్జమం దెబ్బ మీద పడకుండా జారిపోతుంది, మూడు అక్షరాలయ్యాకగానీ మళ్ళీ కలవదు. తబలా ఆయన మీవైపు కోపంగా చూసేది అందుకే. పై షడ్జమం కూడా కలిపి నాలుగు పట్టుకోండి, కుదురుతుంది. లేదా అదే మూడు మీటలతో ‘అప్ డౌన్’ పెట్టి చూడండి, చాలా మిషన్లలో ‘స గ ప గ’ అని నాలుగయి కూర్చుంటుంది. కొన్ని మిషన్లు పై స్వరాన్నీ కింది స్వరాన్నీ రెండేసిసార్లు పలుకుతాయి, అప్పుడు ఆరవుతుంది. మీ మిషను ఏ బాపతో కొన్నరోజే లెక్కపెట్టుకోండి.

మోహన రాగం ఐదు స్వరాలూ పట్టుకుంటే ఆర్పెజియేటర్ మోహన ఆరోహణ చదువుతుంది గానీ మోహన పాడదు. ఆ మాటకొస్తే 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ పది రాగాల్ని రోలాండ్ మిషన్ల మీద డిస్కో తాళానికి నడిపించి రికార్డు చేశారు. అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. దాదాపు ముప్ఫయ్యేళ్ళ తర్వాత మళ్ళీ విడుదలైతే ప్రపంచమంతా వింతగా విన్నది. అదొక సరదా, దాని అందం దానిది. మన స్టేజీకి మాత్రం పనికొచ్చేది వేరే.

అదేమిటంటే ‘హోల్డ్’ లేదా ‘లాచ్’ అనే మీట. అది నొక్కి కార్డు పట్టుకుని చెయ్యి తీసేసినా ఆర్పెజియేటర్ ఆగదు. అంటే ఎడమచేయి ఖాళీ! వెనకాల తీగల గలగల సాగుతూనే ఉంటుంది, కుడిచేయి పాట వరస వాయిస్తుంది, ఎడమచేయి చక్రం మీదికి వస్తుంది. ‘కార్డులు పట్టుకుని కూర్చో తల్లీ’ అన్న పని మిషనుకి అప్పగించేసి, మన అమ్మాయి లీడు పట్టుకోవచ్చు. దీనికోసం కీబోర్డుని రెండుగా విడగొట్టి ఎడమ భాగానికి మాత్రమే ఆర్ప్ పెట్టుకోవాలి. ఆ భాగానికి పిచ్ బెండ్ పరిధి సున్నా చెయ్యడం మరువకండి. లేదంటే మీరు పాటలో ఒక్క స్వరాన్ని జారిస్తే వెనకాల గలగలా మొత్తం జారిపోతుంది, పళ్ళెంలో జిలేబీలన్నీ ఒక పక్కకి జారినట్టు.

ఎక్కడ ఆపాలి?

పద్యంలో! పద్యానికి తాళం కట్టరు. నటుడు ఒక మాటని సాగదీస్తాడు, ఒకచోట ఆగి జనాన్ని చూస్తాడు. ఆర్పెజియేటర్‌కి గడియారం ఉంది గానీ చెవుల్లేవు. కాబట్టి పాటలో, రంగప్రవేశంలో, తెర మారేటప్పుడు ఆర్పెజియేటర్. పద్యం ఎత్తుకోగానే అది బంద్, చక్రాలే.

ఒక ఊళ్ళో హరిశ్చంద్ర వేశారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1912లో రాసిన నాటకం. కాటి సీనులో వినుకొండలో పుట్టిన జాషువా గారి శ్మశానం పద్యాలు కూడా కలిపి పాడటం మనవైపు అలవాటు. ఆ రోజు కీబోర్డు వాయించిన కుర్రాడు ముందు సీను సంగీతానికి లాచ్ పెట్టుకుని, శబ్దం తగ్గించాడు గానీ ఆర్ప్ ఆపలేదు. కాటి సీనులో చంద్రమతి కొడుకు శవం పక్కన గొంతెత్తింది. అతను శబ్దం పెంచాడు... టింగు టింగు టింగుమని గంటల మోత! ఏడవాల్సిన జనం ఘొల్లుమన్నారు. చంద్రమతి వేసినావిడ ఆ రాత్రి అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది.

చీకట్లో ఆర్ప్ మీట ఎక్కడుందో తెలియకే ఇలాంటివి జరుగుతాయి. మేమేం చేస్తామో చెప్పనా? ఆర్ప్ మీట మీద స్టిక్కరు బొట్టుబిళ్ళ అంటిస్తాం. మాడ్యులేషన్ చక్రానికి సగం దగ్గర ఇంకో చిన్నది. వేలు తగిలితే తెలిసిపోతుంది. ఈ ఉపాయం చూసి నవ్విన మగవాళ్ళే తర్వాత ‘అమ్మా, ఒక బిళ్ళ ఉంటే ఇవ్వండి’ అని అడిగారు.

అహ్మదాబాద్‌లో ఒకావిడ

ఆడవాళ్ళకి ఈ మిషన్లెందుకు అనేవాళ్ళకి ఒక్క సంగతి. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ సింథసైజర్ని ఏర్పాటు చేశారు. దాని మీద సంగీతం చేసిన తొలి కొద్దిమంది భారతీయుల్లో గీతా సారాభాయ్ ఒకరు. ఆవిడ పఖావజ్ కూడా వాయించేవారు. మనవైపు స్త్రీ పాత్రలే ఆడవాళ్ళకి దక్కని కాలం ఒకటుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా అడుగుపెడితే ఆడవాళ్ళే ఆ చీరకట్టు చూసి నేర్చుకున్నారని చెప్పుకుంటారు. తర్వాత తర్వాత స్త్రీలు స్టేజీ ఎక్కారు. వాద్యాలవైపు చాప మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల మగవాళ్ళదే.

కొనేముందు, కొన్నాక

మా ఇంట్లో కీబోర్డు ధర మిర్చి క్వింటాళ్ళలో లెక్కేసుకుంటాం. యార్డులో ధర బాగున్న ఏడు తక్కువ క్వింటాళ్ళు, పడిపోయిన ఏడు రెట్టింపు. కాబట్టి షాపులో తొందరపడకండి. ఎన్ని వందల శబ్దాలున్నాయని అడగడం మానేసి నాలుగు చూడండి: ఎడమ పక్కన పిచ్ బెండ్, మాడ్యులేషన్ రెండూ ఉన్నాయా, బెండ్ పరిధి మార్చుకోవచ్చా, ఆర్పెజియేటర్‌కి లాచ్ ఉందా, కీబోర్డుని విడగొట్టి ఒక్క భాగానికే ఆర్ప్ పెట్టుకోవచ్చా. సెకండ్ హ్యాండ్ అయితే చక్రాన్ని నెమ్మదిగా తిప్పి వినండి. మధ్యలో గరగర వచ్చినా, ఉన్నట్టుండి ఎగిరినా లోపల దుమ్ము చేరిందన్నమాట. మనవైపు పత్తి నూగు, మిర్చి దుమ్ము రెండూ ఎక్కువే. వాయించడం అయిపోగానే పాత నూలు చీరతో కప్పండి, తడిబట్టతో తుడవకండి. పల్లెల్లో జనరేటరు కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది, స్టెబిలైజరు లేకుండా పెట్టకండి.

పారితోషికం మాట్లాడేటప్పుడు ‘కీబోర్డు’ అని ఊరుకోకుండా ‘లీడు కీబోర్డు’ అని చెప్పండి. ముందే చెప్పాలి. తెర లేచాక ఎవరూ వినరు.

నా దగ్గర నేర్చుకునే డిగ్రీ పిల్ల ఒకతె, పర్చూరు వైపు పల్లెటూరు, రెండేళ్ళు కార్డులే పట్టుకుంది. పోయిన సీజన్లో లీడు వాయించాల్సినతను రాకపోతే కూర్చోబెట్టారు. పద్యం చివర నటుడు కావాలనే పొడుగ్గా తీశాడు, ఈ పిల్ల వదలకుండా వెంట నడిచింది. దిగాక ఆయన మెచ్చుకోలేదు, ‘రేపు కూడా నువ్వే రామ్మా’ అన్నాడట. ఈ ఏడు తిరునాళ్ళ కరపత్రంలో ‘కీబోర్డు’ అన్నచోట దాని పేరు వేశారు. ఇంటిపేరు తప్పు పడింది. అయినా ఆ కాగితాన్ని కీబోర్డు పెట్టె మూత లోపల అంటించుకుంది.